హైదరాబాదు ఫుట్‌బాల్ జట్టు : మనం రాయని చరిత్ర

2024 జూన్‌లో బడి తెరిచిన వారంలోనే మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు నన్నొక ప్రశ్న అడిగాడు. సెలవుల్లో వాడు ఎవరి ఫోనులోనో 'మైదాన్' సినిమా చూశాడట. తెలుగు పాఠం మధ్యలో లేచి, "సార్, గా రహీం సారు మనోడేనా?" అన్నాడు. "మనోడే, హైదరాబాదాయన" అన్నాను. వాడు కూర్చోలేదు. "మరి మన పుస్తకంల లేడేంది?" అన్నాడు.

ఆ రోజు నేనేదో చెప్పి దాటేశాను. తర్వాత చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పాఠ్యపుస్తకం సంగతి పక్కన పెడదాం. అది ఎవరు రాయిస్తారో, ఎందుకు రాయిస్తారో మనకు తెలుసు. కాని ప్రజల చరిత్రను ప్రజల వైపు నుంచి రాస్తామని చెప్పుకునే మన సాహిత్యంలో, మన వ్యాసాల్లో, మన కథల్లో ఆ జట్టు ఎందుకు లేదు? 'మనోడు' అనే మాటకు మనం ఏ కొలత పెట్టుకున్నాం? ఈ వ్యాసం ఆ పిల్లవాడికి నేను ఆలస్యంగా చెబుతున్న జవాబు. పూర్తి జవాబు కాదు.

ముందు సినిమా గురించి. అమిత్ శర్మ దర్శకత్వంలో 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఈ హిందీ చిత్రంలో అజయ్ దేవగణ్ సయ్యద్ అబ్దుల్ రహీం పాత్ర వేశాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 పరాభవంతో కథ మొదలై, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించటంతో ముగుస్తుంది. ఆట దృశ్యాలు బాగా తీశారు. నా ఫిర్యాదు శిల్పం మీద కాదు, దృక్పథం మీద. ఒక గొప్ప మనిషి, ఆయన మీద కుట్ర చేసే అధికారులు, విషం కక్కే ఒక పత్రికా రచయిత, ఆయన ఊపిరితిత్తుల్లో పెరిగే జబ్బు, చివరికి ఆయన గెలుపు. చరిత్ర అంటే ఒక వీరుడి గుండెదిటవు అని నమ్మే సినిమా ఇది. రహీం దేశమంతా తిరిగి సందుల్లో గొందుల్లో ఆడుతున్న కుర్రాళ్ళను ఏరుకుని తెచ్చినట్టు చూపిస్తుంది. వాళ్ళలో ఎంతమంది అప్పటికే ఒకే నగరంలో, ఒకే పద్ధతిలో, ఏళ్ళ తరబడి కలిసి ఆడుతూ వచ్చారో ఆ సినిమాకు పట్టలేదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు అందులో దాదాపు లేదు. కథానాయకుడు వున్నాడు గాని, ఆయన్ను తయారుచేసిన, ఆయన తయారుచేసిన ఊరు లేదు. నేల లేకుండా చెట్టును చూపించారు.

ఆ నేల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

రహీం 1909లో హైదరాబాదులో పుట్టాడు. వృత్తిరీత్యా బడిపంతులు. ఇది నేనూ బడిపంతులునే కాబట్టి గర్వంగా చెప్పటం లేదు. ఆయన పద్ధతికి మూలం అక్కడే వుందని నా అభిప్రాయం. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూంలో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడి ఆటల బాధ్యత తీసుకున్నాడు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ తర్వాత భారత జట్టుకూ శిక్షకుడయ్యాడు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచిన జట్టుకు శిక్షకుడు ఆయనే.

ఆయన కుర్రాళ్ళకు పెట్టిన పోటీలు చూడండి. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకుని ఒక్కడే నలుగురిని తప్పించుకుంటూ పోవటాన్ని నిషేధించిన పోటీలు పెట్టాడు. బంతి రాగానే పక్కవాడికి ఇవ్వాలి. బలం తక్కువ వున్న కాలితోనే తన్నాలని నియమం పెట్టి మరికొన్ని పోటీలు. పెద్దపిల్లలు చిన్నపిల్లలను తొక్కేయకుండా ఎత్తు పరిమితి పెట్టి ఇంకొన్ని. ఇవి సైనికాధికారి బుర్రలో పుట్టే ఆలోచనలు కావు. వెనక బెంచీ పిల్లవాడి చేత కూడా లెక్క చేయించాలనుకునే పంతులు బుర్రలో పుట్టేవి. నల్లబల్ల దగ్గరికి ఎప్పుడూ ఒక్కడే పరుగెత్తుకొస్తాడు. మిగతా నలభైమంది చూస్తూ కూర్చుంటారు. ఆ ఒక్కణ్ణి కాసేపు ఆపటం ఎంత కష్టమో బడిలో పనిచేసినవాళ్ళకు తెలుసు. రహీం ఆ పనిని మైదానంలో చేశాడు. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండును వాళ్ళ సొంతగడ్డ మీద 6-3తో ఓడించిన తీరును ఆయన శ్రద్ధగా పట్టించుకున్నాడు. ముందుండే ఆటగాణ్ణి కాస్త వెనక్కి లాగి, నలుగురు, ఇద్దరు, నలుగురు అనే అమరికలో జట్టును నిలబెట్టాడు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచాక గదా ఆ అమరిక లోకానికి తెలిసింది! హైదరాబాదులో దాన్ని అంతకు ముందే ఆడుతున్నారు.

ఫలితాలు క్లుప్తంగా చెబుతాను. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును హైదరాబాదు సిటీ పోలీసు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. ఢిల్లీ డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957లలో గెలిచింది. 1961లో మళ్ళీ గెలిచేనాటికి జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసుగా మారింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లోనూ, 1957-58లోనూ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీ ఫైనల్‌కు చేరింది. ఆసియా దేశాల్లో అక్కడిదాకా వెళ్ళిన మొదటి జట్టు అది. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుసేన్, తులసీదాస్ బలరామ్ మన ఊరివాళ్ళు.

ఇక్కడ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం కనబడుతుంది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం రద్దయింది. మెల్‌బోర్న్ క్రీడలు మొదలయింది నవంబరు 22న. అంటే ఆ ఆటగాళ్ళు ఒలింపిక్స్ మైదానంలో అడుగుపెట్టేనాటికి వాళ్ళు పుట్టి పెరిగిన రాష్ట్రం పటం మీద లేదు. అయినా ఆ ఏడూ, మరుసటి ఏడూ సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు పేరు హైదరాబాదే. రాష్ట్రాలను మార్చినంత తొందరగా ఆటల సంఘాలను మార్చలేదు. మూడు ముక్కలై మూడు భాషల్లో కలిసిపోయిన రాజ్యం తన పేరుతో మరికొంత కాలం మైదానంలో పరుగెత్తింది. విశాలాంధ్రా, ప్రత్యేక తెలంగాణా అని ఎన్ని వేల పేజీలు రాసుకున్నాం! ఈ చిన్న విషయం మీద ఒక్క వ్యాసం నా కంటబడలేదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. అది 'పోలీసు' అనే మాట.

ఈ వ్యాసం రాస్తానని చెప్పినప్పుడు మా సాహిత్య మిత్రుడొకడు ముఖం చిట్లించాడు. "పోలీసు జట్టుకు స్తోత్రం రాస్తవా? కరీంనగర్ జిల్లాల పుట్టి?" అన్నాడు. ఆయన కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన జిల్లా మాది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగిన నేల పక్కనే వుంది. మా కథల్లో అమీన్ సాబూ, జవానూ గడీ ముందు కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' నుంచి, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నుంచి, అల్లం రాజయ్య కథల దాకా ఖాకీ చొక్కా ఎవరి పక్షాన నిలబడిందో మన సాహిత్యం తప్పుగా రాయలేదు. అది అబద్ధమని నేను అనటం లేదు, అనను.

నా చిన్నతనంలో మా ఊళ్ళో, ఊరి పేరు చెప్పను, బడి పక్కన పోలీసు క్యాంపు పడింది. సాయంత్రం వాళ్ళు వల కట్టుకుని వాలీబాల్ ఆడేవాళ్ళు. మేం ఎనిమిదిమంది పిల్లలం గోడ మీద కోతుల్లా కూర్చుని చూసేవాళ్ళం. ఆ ఊళ్ళో బూట్లేసుకుని ఆడే మనుషులను చూడటం మాకదే మొదలు. ఒకరోజు బంతి గోడ దాటి మా మధ్య పడింది. ఆ ముందు వారమే మా చిన్నాయనను స్టేషనుకు పిలిచి రెండు రోజులు కూర్చోబెట్టారు. బంతి నా కాళ్ళ దగ్గరే వుంది. అవతల ఒక జవాను, నా కంటే పదేళ్ళు పెద్దవాడేమో, చేతులు చాచి నిలబడ్డాడు. వాడి భాష మా భాషే. ఎక్కడో పాలమూరు వైపు రైతు కొడుకు. నేను బంతి తియ్యలేదు. నా పక్కవాడు తీసి విసిరాడు. ఆ రాత్రి బంతి తియ్యనందుకు నాకు గర్వంగానూ వుంది, ఆ బంతిని ఒక్కసారైనా చేత్తో పట్టుకోనందుకు ఏడుపుగానూ వుంది. రెండూ నిజమే. ఇప్పటికీ ఒకదాని కోసం మరొకదాన్ని కొట్టేయలేను.

హైదరాబాదు పోలీసు జట్టు గురించి చదివినప్పుడల్లా నేను ఆ గోడ మీదే కూర్చుంటాను.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన సైనిక దాడికి పాలకులు 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. దాని వెనక జరిగిన ఊచకోతల్లో తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి వుంటారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఎక్కువ భాగం మరాఠ్వాడాలో, కర్ణాటక జిల్లాల్లో. చనిపోయినవాళ్ళలో అత్యధికులు ముస్లింలు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆ రద్దు న్యాయమే. కాని జాగీర్దారుతో పాటు ఆయన దేవిడీలో పనిచేసే గుమాస్తా, బండివాడు, వంటవాడు కూడా బజారున పడ్డారు. నిజాం సైన్యం పోయింది. ఉర్దూ కచేరీ భాషగా పోవటం మొదలయింది. ఆ నగరంలో చదువు అంతంతమాత్రంగా వున్న పేద ముస్లిం కుర్రవాడికి 1950లో ఏ దారి మిగిలింది? ఆటకు జీతం లేని కాలం. ఆట ఆడాలంటే ఆడనిచ్చే ఉద్యోగం కావాలి. ఆ ఉద్యోగం కానిస్టేబులుది. ఓడిపోయిన రాజ్యపు పోలీసులు, గెలిచిన రాజ్యపు పోలీసులుగా పేరు మారి, రెండేళ్ళు తిరక్కుండానే బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చారు.

మరో తేదీ కూడా దీని పక్కన పెట్టాలి. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో. 1950లో ఆ కప్పు గెలిచేనాటికి నల్లగొండలో, వరంగల్లులో, మా గోదావరి అడవుల్లో సైన్యమూ పోలీసూ ఏం చేస్తున్నారో పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకం చదివినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నగర పోలీసు వేరు, పల్లెల మీదికి పంపిన బలగాలు వేరు అని వాదించవచ్చు. ఆ వాదన నాకు సరిపోదు. చొక్కా ఒకటే. అయితే ఒకే చొక్కా కింద, తుపాకీ పట్టుకున్న మనిషీ, బంతి కోసమే ఆ చొక్కా వేసుకున్న మనిషీ ఇద్దరూ వుండగలరని ఒప్పుకోవటానికి మనకెందుకింత కష్టం? వైరుధ్యం అనే మాటను మన వ్యాసాల్లో పేజీకి నాలుగుసార్లు వాడతాం. వైరుధ్యం నిజంగా ఎదురైతే ముఖం తిప్పుకుంటాం.

ఆటను ప్రజల దృష్టి మళ్ళించే మత్తుమందుగా మాత్రమే చూసే ధోరణి ఒకటి మనలో వుంది. దానికి జవాబుగా నేను ట్రినిడాడ్ మార్క్సిస్టు సి.ఎల్.ఆర్. జేమ్స్ పేరు చెబుతాను. ఆయన 'బియాండ్ ఎ బౌండరీ' 1963లో వచ్చింది, రహీం చనిపోయిన ఏడాదే. ఆయనా కొంతకాలం పంతులే. తన ద్వీపంలో ఏ క్రికెట్ క్లబ్బులో ఏ రంగు చర్మం వాళ్ళు ఆడతారో ఆయన క్లబ్బు క్లబ్బుగా చెబుతాడు. తనకు అవకాశం వచ్చినప్పుడు నల్లవాళ్ళ షానన్ క్లబ్బులో కాకుండా, చామనచాయ మధ్యతరగతి వాళ్ళ మేపుల్ క్లబ్బులో చేరానని, అది తన రాజకీయ ఎదుగుదలను ఆలస్యం చేసిందని ఒప్పుకుంటాడు. ఒక క్లబ్బు ఎంపికలో వర్గమూ వర్ణమూ వలసపాలనా ఎట్లా ముడిపడి వున్నాయో చూపించిన ఆ పేజీలు నాకు ఎన్నో సిద్ధాంత గ్రంథాల కంటే ఎక్కువ నేర్పాయి. మన దగ్గర అట్లా ఎవరు రాశారు? పాతబస్తీ క్లబ్బుల్లో ఎవరు ఆడారు, సికింద్రాబాదు కంటోన్మెంటు పక్క బస్తీల నుంచి ఎవరొచ్చారు, తమిళులూ క్రైస్తవులూ ముస్లింలూ ఒకే జట్టులో ఏ భాషలో తిట్టుకున్నారు, భోజనం ఎక్కడ చేశారు? కులమూ మతమూ కంచం దగ్గర తేలే దేశంలో ఈ చివరి ప్రశ్న చిన్నది కాదు.

మరో దేశం ఉదాహరణ చెప్పాలి. ఐర్లండులో గేలిక్ ఫుట్‌బాల్ అని వేరే ఆట వుంది. చేయీ కాలూ రెండూ వాడతారు. 1884లో థర్లెస్ పట్టణంలో పుట్టిన సంఘం దాన్ని నడుపుతుంది. బ్రిటిషు ఆటలకు ఎదురుగా తమ ఆటలను నిలబెట్టటం దాని లక్ష్యం. మన దగ్గర జిల్లా వున్నట్టు అక్కడ కౌంటీ. ప్రతి కౌంటీకి ఒక జట్టు. ఆటగాళ్ళకు జీతం లేదు. పంతులు, రైతు, మేస్త్రీ పగలు పనిచేసుకుని సాయంత్రం ఆడతారు. 1920 నవంబరు 21న డబ్లిన్ క్రోక్ పార్కులో డబ్లిన్, టిప్పరరీ జట్లు ఆడుతుండగా బ్రిటిషు బలగాలు కాల్పులు జరిపి 14 మందిని చంపాయి. వాళ్ళలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. ఈనాడు ఆ మైదానంలో ఒక వైపు ప్రేక్షకుల గ్యాలరీకి ఆయన పేరే. బ్రిటిషు సైన్యంలో, ఉత్తర ఐర్లండు పోలీసులో పనిచేసేవాళ్ళను సభ్యులుగా చేర్చుకోకూడదనే నియమం ఆ సంఘంలో 2001 దాకా వుంది. అక్కడ పోలీసును జట్టులోకి రానివ్వలేదు. ఇక్కడ పోలీసే జట్టు. ఈ రెంటి మధ్య తేడాను ఆలోచిస్తే మన చరిత్ర గురించే ఏదో తెలుస్తుంది. వాళ్ళకు పారిష్ వుంది, భూమి వుంది, ఒకే శత్రువుకు ఎదురుగా కట్టుకున్న సంఘం వుంది. మన నగరంలో ఆటగాడికి రాజ్యం తప్ప వేరే ఆసరా లేదు. జట్టు పేరు స్థలానిదే, బతుకు మాత్రం ఉద్యోగానిది. ఉద్యోగం ఇచ్చే చెయ్యి వెనక్కి తీసుకుంటే జట్టు వుండదు. అట్లాగే జరిగింది కూడా.

ఆ పతనం గురించి 'రహీం పోయాడు, ఆట పోయింది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆయన 1963 జూన్ 11న కాన్సరుతో చనిపోయాడు. కాని జట్టు ఆ రోజే చావలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ గెలిచింది. చంపింది వలస. అది రహీం బతికుండగానే మొదలయింది. బలరామ్ 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. 1966లో మహమ్మద్ హబీబ్ వెళ్ళాడు. నయీముద్దీన్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అదే రైలెక్కారు. 1977 సెప్టెంబరులో పెలే తన న్యూయార్కు కాస్మాస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో ఆడినప్పుడు, 2-2తో నిలువరించిన మోహన్ బగాన్ తరఫున ఒక గోలు కొట్టింది మన హబీబే. మర్నాడు కలకత్తా సంతోషించింది. తప్పులేదు, వాళ్ళు డబ్బిచ్చారు, అంతకంటే ఎక్కువగా ప్రేమించారు. మా జిల్లాల నేతగాడు భివండీకి, రైతుకూలీ దుబాయికి ఎందుకు పోయాడో, హబీబ్ కలకత్తాకు అందుకే పోయాడు. నైపుణ్యం పుట్టిన చోట దానికి అంగడి లేదు. సిరిసిల్ల నేతగాడి వలస మీద మనకు కథలున్నాయి, కవిత్వముంది. ఫుట్‌బాల్ ఆటగాడి వలస మీద లేవు. వాడిది శ్రమ కాదనుకున్నామా?

బెంగాలీ వాళ్ళు అట్లా అనుకోలేదు. మోతీ నందీ అనే క్రీడా విలేఖరి 1970లలో 'స్ట్రైకర్', 'స్టాపర్' అనే నవలలు రాశాడు. క్లబ్బు రాజకీయాలు, ఆటగాడి ఇంట్లో పేదరికం, వయసు మీరుతున్న మోకాలు, ఇవన్నీ నవలా వస్తువులే అని ఆయన నమ్మాడు. మా బొగ్గుగనుల మీద అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్ళు గొప్ప కథలు రాశారు. గని లోపలి చీకటి, కార్మికుడి ఇల్లు, సమ్మె అన్నీ వున్నాయి. షిఫ్టు దిగి మైదానానికి వెళ్ళే కార్మికుడు మాత్రం నాకు గుర్తున్నంతలో కనబడడు. బెల్లంపల్లిలో తిలక్ స్టేడియం వుంది. అక్కడికి ఎవరు వెళ్ళేవాళ్ళు, ఎందుకు వెళ్ళేవాళ్ళు? కార్మికుడి ఎనిమిది గంటల పని మనకు వస్తువు. మిగతా ఎనిమిది గంటలు వస్తువు కావటానికి ఏ సిద్ధాంతం అడ్డొచ్చింది? కారా మాస్టారినీ రావిశాస్త్రినీ పాఠం చెప్పేటప్పుడు నేనే ఎన్నోసార్లు, పాత్రల విశ్రాంతిని దాటేసి వాళ్ళ బాధ దగ్గరే ఆగాను. ఈ విమర్శలో నేనూ వున్నాను.

ముస్లింవాద సాహిత్యం వచ్చాక ఈ ఖాళీ కొంత నిండుతుందని ఆశపడ్డాను. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' వచ్చినప్పుడు మా బడి స్టాఫు రూములో చాలామంది ఇబ్బంది పడ్డారు. నాకు మాత్రం మా వాడకట్టు మనుషులే పుస్తకంలో కూర్చున్నట్టనిపించింది. అనుమానం, పేదరికం, బురఖా, తలాఖ్, అల్లర్లు అన్నీ వచ్చాయి. రావలసిందే. అయితే బాధితుడిగా తప్ప ముస్లిం మన సాహిత్యంలోకి రాలేడా? బంతి దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించి నవ్వే హబీబ్‌గా ఎప్పుడొస్తాడు? ఆ పని ఆ సమాజపు రచయితలు చేస్తేనే బాగుంటుంది. నాబోటివాడు చేస్తే సగం అనువాదం లాగే వుంటుంది. ఆటగాళ్ళ జ్ఞాపకాల్లో చాలా భాగం ఉర్దూలో వుంది. ఇంగ్లీషులో నోవీ కపాడియా 2017లో 'బేర్‌ఫుట్ టు బూట్స్' రాశాడు. తెలుగులో మనం ఉర్దూను తురకం అని దూరం పెట్టుకున్నంత కాలం, మన సొంత రాజధాని చరిత్రను ఢిల్లీ మనిషి ఇంగ్లీషు పుస్తకంలో చదువుకోవలసిందే.

మరీ ఆలస్యం కాకుండా చేయవలసిన పని ఇది. 2021లో అహ్మద్ హుసేన్ పోయాడు. అదే ఏడు రహీం కొడుకు, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు ఎస్.ఎస్. హకీం పోయాడు. 2023 ఫిబ్రవరిలో బలరామ్ కలకత్తాలో పోయాడు. తన కుర్రతనం కనబడే సినిమా విడుదల కావటానికి ముందే. అదే ఏడు ఆగస్టు 15న హబీబ్ హైదరాబాదులో పోయాడు. దినపత్రికలు తలా నాలుగు పేరాలు వేసి ఊరుకున్నాయి. మధ్యలో కార్పొరేటు డబ్బుతో 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే క్లబ్బు పుట్టి, 2022 మార్చిలో గోవాలో ఐ.ఎస్.ఎల్. ట్రోఫీ గెలిచింది. ఊరి పేరు చొక్కా మీద వుంది. ఊరి పిల్లలు జట్టులో వేళ్ళ మీద లెక్కపెట్టేంత. అప్పుల్లో మునిగి చేతులు మారి, 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. 1956లో రాష్ట్రం పోయినా జట్టు పేరు నిలిచింది. 2025లో ఊరు ఊరుగానే వున్నా జట్టు మూట కట్టుకుని పోయింది. పెట్టుబడి గురించి పిల్లలకు పాఠం చెప్పాలంటే ఇంతకంటే సులువైన ఉదాహరణ నాకు దొరకలేదు.

పోలీసు ఆటల మాట ముగియలేదు. ఈ రోజుల్లో మా ఆదిలాబాదు గూడేల్లో పోలీసులు ఆదివాసీ యువకులకు వాలీబాల్ పోటీలు పెడుతున్నారు. కిట్లు పంచుతున్నారు. ఫొటోలు పేపర్లో వస్తున్నాయి. దీన్ని రహీం సంప్రదాయం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అక్కడ ఆట కోసం ఉద్యోగం ఇచ్చారు. ఇక్కడ ఆట ఎర. అయినా ఆ వల కింద ఆడే కుర్రవాడి చేతికి తగిలే బంతి బంతే. వాణ్ణి మనం ఏమని రాస్తాం? పోలీసు వాడి ఆట ఆడినవాడిగానా, ఆట దొరికిన చోట ఆడుకున్నవాడిగానా? ఈ ప్రశ్నకు ఎవరైనా కథ రాస్తే చదవాలని వుంది.

తొమ్మిదో తరగతి పిల్లవాడికి పోయిన నెల బలరామ్ సంగతి చెప్పాను. అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టాడని, రోజూ సికింద్రాబాదు నుంచి హైదరాబాదు వచ్చి ప్రాక్టీసు చేయటానికి డబ్బులు లేవంటే రహీం కిరాయి సైకిలుకు డబ్బులిచ్చాడని ఆయనే తర్వాత చెప్పుకున్నాడని. వాడు శ్రద్ధగా విన్నాడు. విన్నాక, "కిరాయి సైకిలంటే ఏంది సార్?" అన్నాడు. గంట లెక్కన, పేరు రాయించుకుని, తెలిసినవాళ్ళ జామీను మీద సైకిలిచ్చే దుకాణాలు బస్టాండు దగ్గర వుండేవని చెప్పటానికి ఆ పీరియడంతా పట్టింది.